పరదేశి ముక్కుకు కన్నం

అనకాపల్లి బస్సు నాలుగింటికి. ఆ బస్సులో సత్యారావుని బేడీలతో కోర్టుకి తీసుకుపోతానని సబ్‌ఇన్‌స్పెక్టర్ లక్ష్మీనరసింహం చోడవరం నాలుగు వీధుల్లోనూ వినపడేలా చెప్పాడు. ఇప్పుడు పదకొండున్నర. డిటెక్టివ్ వేంకటరమణమూర్తికి మిగిలినవి నాలుగున్నర గంటలు. ఇంకొకడైతే ఈపాటికి చెమటలు కక్కుతూ పరుగులు పెట్టేవాడు. మూర్తి మాత్రం హత్య జరిగిన గుడిసె గుమ్మంలో చెప్పులు విడిచి, గోడవార ఒద్దికగా పెట్టి, పేరంటానికి వచ్చినవాడిలా లోపలికి అడుగు పెట్టాడు. ఈ నింపాది చూస్తేనే లక్ష్మీనరసింహానికి ఒళ్లు మండుతుంది. మండుతుందని తెలిసే మూర్తి ఇంకాస్త నింపాదిగా ఉంటాడు.

చనిపోయింది నరసమ్మ, డెబ్భై ఏళ్ల మంత్రసాని. ఊళ్లో సగం మందికి బొడ్డు కోసిన చెయ్యి ఆవిడది. సోమవారం పొద్దున్న ఎవరో సన్నికల్లు పొత్రంతో ఆవిడ తల మీద మోది చంపేశారు. ఇవాళ బుధవారం.

"చూడ్డానికి ఏముందండీ ఇక్కడ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు గుమ్మానికి చెయ్యి ఆనించి. గుంటూరు మనిషి, ఈ ఊరు వచ్చి ఆర్నెల్లయింది. "పదింబావుకి సత్యారావు ఈ గుమ్మంలోంచి బయటికి రావటం ఇద్దరు చూశారు. తువ్వాలుకి నెత్తురు. లోపల ముసలిది చచ్చి పడుంది. నేను వచ్చేసరికి పదీ నలభై. ఇంకేం కావాలి?"

"ఎందుకు చంపేడో కావాలి."

"ఎందుకేందండీ, భూమి. పద్దెనిమిదేళ్ల కిందట బర్మాలో రంగం వెళ్లి, యుద్ధంలో పోయాడనుకున్న అన్న పరదేశి పన్నెండు రోజుల కిందట తిరిగొచ్చాడు. సగం పాలు ఇవ్వాల్సొస్తుందని తమ్ముడు వీడు మా అన్న కాడు పొమ్మన్నాడు. ఆ ఇంట్లో పురుళ్లన్నీ పోసిన నరసమ్మ చెపితే ఒప్పుకుంటానన్నాడు. ఆవిడ కె.కోటపాడులో పురుడు పోయటానికెళ్లి సోమవారం పొద్దున ఎనిమిదింటి బస్సుకి దిగింది. వీడు వెళ్లి అడిగాడు. మీ అన్నేనంది. కోపంలో కొట్టాడు."

కథ అతుకులు లేకుండా ఉంది. అందుకే మూర్తికి నచ్చలేదు. అతను గుడిసెలో ఒక్కొక్క వస్తువూ కళ్లతోనే లెక్కపెట్టుకుంటూ పొయ్యి దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"ఇక్కడ మీరేమీ కదపలేదు కదా?"

"నేనేమన్నా నిన్న ఉద్యోగంలో చేరానా?"

"మంచిది. అయితే ఈ పీటలు రెండూ నరసమ్మ వేసినవే. ఎదురెదురుగా ఉన్నాయి. ఇక్కడ ముంత, అక్కడ ముంత. ఇందులో అంబలి సగం తాగింది. అందులోది ఎవరూ ముట్టుకోలేదు, అలాగే ఎండిపోయింది. పక్కన ఉల్లిపాయ కూడా పెట్టింది."

"ఆకలేసి రెండు ముంతలు పోసుకునుంటుంది."

"రెండు పీటల మీద ఒక్కర్తే కూర్చునా?"

లక్ష్మీనరసింహం మీసం దువ్వుకున్నాడు. మూర్తి లేచి చేతులు దులుపుకున్నాడు.

"సత్యారావుకి ఈవిడ అంబలి పొయ్యదండి. పోసినా అతను తాగడు. రైతుల ఇళ్లల్లో పురుడు పొయ్యడానికి పనికొచ్చిన చెయ్యి అంబలి పొయ్యడానికి పనికిరాదు, ఇక్కడి మర్యాద అలా ఏడిసింది. తన సొంత మనిషనుకున్నవాడికే ఆవిడ పీట వేసి ముంత పెట్టింది. ఇంకో సంగతి. పది నలభైకి మీరు రాసిన పంచనామాలో నేల మీద నెత్తురు ఎండి ఉందని ఉంది. మీ దస్తూరీయే. ఇరవై అయిదు నిమిషాల్లో అంత నెత్తురు ఎండుతుందా? ఆవిడ తల ఎత్తి చూడబోతే జుట్టులోని తడి సత్యారావు తువ్వాలుకి అంటింది. పక్కింటి చిన్నమ్మి ఎనిమిదిన్నరకి ఈవిడ పొయ్యి రాజెయ్యడం చూసింది. అంబలి కాగి, చల్లారి, ముంతల్లోకి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. చావు తొమ్మిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య."

"బాగుంది. తొమ్మిదికి సత్యారావు ఎక్కడున్నాడు?"

"చెరుకు తోటలో నీళ్లు కడుతున్నాడు. ఒంటరిగా."

ఇన్‌స్పెక్టరు మొహం వికసించింది. ఆ నవ్వు మూర్తికి నచ్చలేదు గాని, నవ్వుకి అర్థం ఉందని ఒప్పుకోక తప్పలేదు.

సత్యారావు ఇంటికి వెళ్లేసరికి పన్నెండు దాటింది. మూర్తిని విశాఖపట్నం నుంచి పిలుచుకొచ్చింది సత్యారావు పెళ్లాం కనకమహాలక్ష్మి. ఆరో నెల కడుపుతో నిన్న బస్సెక్కి వచ్చి, ఏడవకుండా, బతిమాలకుండా, "మా ఆయన సెయ్యెత్తేరకం కాదు బాబూ, కోపమొస్తే అన్నం మానేసి పడుకుంతాడు" అంది. ఆ ఒక్క మాటకి మూర్తి కేసు ఒప్పుకున్నాడు. ఇప్పుడు కూడా ఆమె ఏడవడం లేదు. ఎండన పడి వచ్చిన మనిషికి పెట్టాల్సినట్టే బెల్లం ముక్కా, చెంబుతో నీళ్లూ తెచ్చి పెట్టింది.

మూర్తి బెల్లం నోట్లో వేసుకున్నాడు. మొహం చిట్లించాడు.

"చేదుగా ఉందేటమ్మా?"

"సోమారం వొండింది బాబూ. మాడిపోనాది. అమ్మకానికి పనికిరాదని ఇంట్లో ఉంచేం. మంచిది అయిపోయింది, ఏటనుకోకండి."

"సోమవారం బెల్లం పెనం దగ్గర ఎవరున్నారు?"

"బావగారు."

ఆ బావగారు, పరదేశి, అరుగు మీదే ఉన్నాడు. నాలుగు రోజుల్లో ఊరి మనసు దోచుకున్న మనిషి అతను. తెల్లటి పంచె, మెత్తని మాట, పెద్దవాళ్లు కనిపిస్తే లేచి నిలబడే అలవాటు. తల్లి అచ్చియ్యమ్మకి రెండు కళ్లకీ పొర కమ్మింది. చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లడం, కంచం చేతికి అందించడం అన్నీ అతనే చేస్తున్నాడట. కుడి ముక్కుపుటం మీద పాత కన్నం ఒకటి. దాని కింద అంచు కొంచెం చీలి, ఎప్పుడో మానిపోయి ఉంది. మూర్తి ఆ ముక్కుని మర్యాదకి మించి ఒక నిమిషం ఎక్కువ చూశాడు. లక్ష్మీనరసింహం కుర్చీ తెప్పించుకుని, నాటకం చూడ్డానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు.

"సోమవారం పొద్దున్న ఎక్కడున్నారండీ పరదేశిగారూ?"

"గానుగ పాకలోన బాబూ. ఆరింటికెల్లేను, మజ్జానం దాకా కదల్లేదు. పాలేరు పెదబాబు పొయ్యిలో పిప్పి ఎగదోస్తన్నాడు, నాను పెనం సూసుకున్నాను."

"పెనం ఎన్నింటికి ఎక్కింది?"

"ఏడింటికి."

"ఎన్నింటికి దింపాలి?"

"తొమ్మిదిన్నరకి పాకమొచ్చెస్తాది."

"వచ్చిన పాకం మాడిందెందుకు? పెనం ముందు కూర్చున్నవాడు పాకం ముదిరిపోతుంటే చూస్తూ ఊరుకుంటాడా?"

పరదేశి తల దించుకున్నాడు. మూర్తి ఆగలేదు. "తెల్లారే వెళ్లి పెదబాబుతో మాట్లాడేను. తొమ్మిదికి మీరే అతన్ని చల్దన్నం తిని రమ్మని పంపేరు. పావు తక్కువ పదికి అతను తిరిగొచ్చేసరికి పెనం పొగలు కక్కుతోంది. మీరు గట్టు మీంచి పరుగెత్తుకొస్తున్నారు. పాక నుంచి నరసమ్మ గుడిసెకి ఆ గట్టు మీద ఎంతసేపు నడక?"

"కడుపునొప్పొచ్చింది బాబూ. బయలికెల్లేను. సిగ్గుపడి సెప్పలేదు."

లక్ష్మీనరసింహం పకపకా నవ్వాడు. "బెల్లం మాడ్చినవాళ్లందర్నీ ఉరి తీయాలంటే ఈ తాలూకాలో రైతు మిగలడండీ మూర్తిగారూ. ఈయనకి నరసమ్మని చంపే అవసరమేముంది? ఊరంతా ఒప్పుకున్న మనిషి."

"ఊరు దేన్ని చూసి ఒప్పుకుంది?"

"ముక్కుని చూసి. మీ వైపు ఆచారం నేనే చెప్పాల్సొచ్చిందే మీకు. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, చేటలో పెట్టి పెంట మీద పడుకోబెట్టి, ఎవరో ఆడమనిషికి తవుడుకి అమ్ముతారంట. మూడోనాడు మళ్లీ తెచ్చుకుంటారంట. ముక్కు కుట్టించి, పరదేశి అనో తవుడనో పేరు పెడతారంట. చావు వచ్చి చూసి, వీడు ఈ ఇంటివాడు కాదులే అని వదిలేసి పోతుందంట. ఈయన పేరు పరదేశి. ముక్కుకి కన్నం ఉంది. కరణం, మునసబు, ఇరవైమంది రైతులు వరసగా చూసి అవునన్నారు. నేనే రాసుకున్నా."

"బాగా నేర్చుకున్నారు," అన్నాడు మూర్తి మెచ్చుకోలుగా. అతను మెచ్చుకున్నాడంటే అవతలివాడికి మూడిందన్నమాటే. "అమ్మా అచ్చియ్యమ్మగారూ, మీకు మొత్తం ఎంతమంది పిల్లలు?"

నులకమంచం మీద కూర్చున్న ముసలావిడ గొంతు వచ్చినవైపు మొహం తిప్పింది. "అయిదుగురు బాబూ. నడాన ముగ్గురు పోయేరు."

"అందరికంటే పెద్ద?"

"పరదేశే. తొలిసూలు."

"తొలిచూలు బిడ్డకి పరదేశి అని ఎందుకు పెట్టేరు?"

"మా మావగారి పేరు బాబూ. ఆయనకి ముందు నలుగురు పోయేరట, అందుకని ఆయనకా పేరెట్టేరు. మనవడికి తాత పేరెట్టేం."

మూర్తి ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. ఇలాంటి క్షణాల కోసమే అతను పదిహేనేళ్ల గుమాస్తాగిరీ వదులుకున్నాడు. సంతోషం దాచుకోవడం అతనికి చేతకాదు, దాచుకోలేదు కూడా.

"తాత పేరు వస్తుంది గాని తాత ముక్కు కన్నం రాదండి. పరదేశి పుట్టేనాటికి ఈ ఇంట్లో ఒక్క బిడ్డా పోలేదు. అతన్ని చేటలో పెట్టాల్సిన పని లేదు, అమ్మాల్సిన పని లేదు, ముక్కు కుట్టాల్సిన పని అసలే లేదు. అసలు పరదేశి ముక్కు మీ ముక్కులాగ, నా ముక్కులాగ నున్నగా ఉండాలి. ఊళ్లో ఒక్కడూ దాని గురించి ఆలోచించలేదు. పరదేశి అన్న పేరు వింటే వీళ్ల కళ్లు వాటంతటవే ముక్కు మీదికి పోతాయి. కన్నం కనిపించింది, ఒప్పేసుకున్నారు. ఎందుకుండాలని ఎవరూ అడగలేదు."

అరుగు కింద గుమిగూడిన నలుగురైదుగురు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. కనకమహాలక్ష్మి స్తంభం పట్టుకుని నిలబడింది.

"ఈ కన్నం నిన్నా మొన్నా కుట్టింది కాదు," అన్నాడు మూర్తి. "పసిగుడ్డుగా ఉన్నప్పుడు కుట్టిందే. అంచు చీలింది కూడా అప్పుడే. దాన్ని దాచలేడు కాబట్టి పేరుతో కప్పుకున్నాడు. అసలు పరదేశి ఇతనికి రంగంలో స్నేహితుడై ఉంటాడు, ఇంటి సంగతులన్నీ అతని నోటంట విన్నవే. కాని బొడ్డు కోసిన నరసమ్మ ముందు ఈ కథ ఒక్క నిమిషం నిలవదు. ఆదివారం సాయంత్రం సత్యారావు ఇదే అరుగు మీద, రేపు నరసమ్మ వస్తుంది, అది తేలుస్తుందని అరిచేడు. వీడు విన్నాడు. సత్యారావు కంటే గంట ముందు వెళ్లేడు. ఇన్‌స్పెక్టరుగారూ, వీడు పరదేశి కాడు. ఎవరో మరో తల్లి కన్న బిడ్డ."

లక్ష్మీనరసింహం కుర్చీలోంచి లేచాడు. ఎంత పౌరుషం ఉన్నా పనికిమాలిన పోలీసు కాదతను. పంచె కట్టినవాడి వైపు ఒక అడుగు వేశాడు.

"మరో తల్లి కాదు బాబూ," అంది అచ్చియ్యమ్మ. "ఆణ్ని కన్నది నానే."

ముసలావిడ మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

"పరదేశి తరవాత ఇద్దరు పోయేరు. నాలుగోవోడు పుట్టేడు. ఈడూ పోతాడని బయమేసి సేటలో ఎట్టి అమ్మీమన్నారు. నరసమ్మే ముక్కు కుట్టింది. తీగ గుడ్డకి తగులుకుని ఆరోజే అంచు సీలిపోనాది. నరసమ్మ సెల్లెలు దేముడమ్మకి పిల్లల్లేరు. దోసెడు తవుడు నా ఒళ్లో పోసి గుంటడిని అట్టుకెల్లింది. మూడోనాడు తెచ్చి ఇచ్చీయాల. మూడోనాడికి దేముడమ్మ లేదు. మొగుడితోటి రంగం ఓడెక్కీసింది."

"వెతికించలేదా అమ్మా?" మూర్తి గొంతు తగ్గింది.

"మా ఆయన ఎతకనియ్యలేదు. మంత్రసాని ఇంట్లోన దాని సేతి పాలు మూడ్రోజులు తాగినోడు మనకెందుకన్నాడు. గుంటడు పోయేడని ఊళ్లో సెప్పించేడు. నా సేత, నరసమ్మ సేత ఒట్టేయించుకున్నాడు. ఈడొచ్చిన్నాడు మొకం తడిమేను. నా ఏలికి ఆ సీలిక తగిలింది. నా నాలుగోవోడు బతికొచ్చేడని తెలిసింది. ఈడు పరదేశినంతన్నాడంటే నా పరదేశి ఇంక లేడనీ తెలిసింది. ఆ పూట నవ్వాలో ఏడవాలో ఎవలికి సెప్పుకోను?"

"సత్యారావుని పట్టుకుపోతుంటేనైనా చెప్పలేదేమమ్మా?"

"ఒకడిని ఇడిపించడానికి ఇంకోడిని ఒప్పసెప్పీమంతావా? ఇప్పుడూ సెప్పీదాన్ని కాదు. ఎక్కడో ఎవలి బిడ్డో అనిపించుకుని పెరిగుంటాడు. నా ఎదర కూడా అనిపించుకోవాలా బాబూ?"

లక్ష్మీనరసింహం అందుకున్నాడు. ఆ గుంటూరు బుర్ర అవసరం వచ్చినప్పుడు చురుగ్గానే పనిచేస్తుంది.

"అయితే మూర్తిగారూ, మీరు నా కేసునే బలపరిచారు. ఈయన పేరు ఏదైనా ఈ ఇంటి కొడుకే. దానికి లోకంలో ఉన్న ఒక్క బయటి సాక్షి నరసమ్మ. ఆవిడ బతికుంటే లాభం ఈయనకి. చస్తే లాభం సత్యారావుకి. తన మేలు చెప్పే మనిషిని తానే ఎవడన్నా చంపుకుంటాడా?"

కనకమహాలక్ష్మి మూర్తి వైపు చూసింది. అందులో కోపం లేదు. ఈ మనిషిని నేనే కదా పిలుచుకొచ్చాను అన్న చూపు అది. తన తెలివితేటలతో తానే ఆమె మొగుడి మెడకి ఇంకో మెలి వేశానని మూర్తికి అర్థమైంది. సిగ్గేసింది. ఎన్నో ఏళ్ల తరవాత మొదటిసారి అతనికి భయం కూడా వేసింది.

భయం వేసినప్పుడు అతను చేసే పని ఒక్కటే, ఎదుటివాడి మొహం చూడడం. ఇన్‌స్పెక్టరు మాటలు తన పక్షాన ఉన్నాయని ఇక ఊపిరి పీల్చుకోవాల్సిన మనిషి అరుగు మీద ఎలా ఉన్నాడో చూశాడు. అతను ఊపిరి పీల్చుకోలేదు. అచ్చియ్యమ్మ వైపే కళ్లు ఆర్పకుండా చూస్తున్నాడు. పెదాలు తెల్లబడ్డాయి. తప్పించుకున్నవాడి మొహం కాదది.

మూర్తికి అంతా ఒక్కసారి తెలిసింది. తెలిసినందుకు గర్వం కలగలేదు.

"నీకు తెలీదు కదూ?" అన్నాడు అతని ఎదురుగా కూర్చుని. "నువ్వు దొంగవేషం వేస్తున్నాననే అనుకుని వచ్చేవు. నిన్నెవరు పెంచేరు?"

"దేముడమ్మని ఒకావిడ. నాకు ఊహ తెలీకముందే పోనాది. తరవాత ఓడరేవు కూలోళ్లు. తవుడు, తవుడు అని పిలిసేవోరు. ఎందుకో నాకు తెల్దు."

"పరదేశి?"

"యుద్దమప్పుడు రంగం నుంచి కలిసి నడిసొచ్చేం. దారిలో నా ఒళ్లోనే పోయేడు. అమ్మ గురించి సెప్తా సెప్తా పోయేడు. పదమూడేళ్లు అస్సాంలో ఆ మాటలే ఇనిపించేవి. నాకూ ఒక అమ్మ ఉంటే బాగుండునని వొచ్చీసేను బాబూ. బూమి కోసం కాదు."

"సోమవారం నరసమ్మ నీకు పీట వేసి అంబలి పోసింది. ఎందుకు పోసిందో ఇప్పుడు తెలిసిందా? చెల్లెలు పెంచిన బిడ్డవని. నీ ముక్కు చూసి ఆవిడ ఏమంది?"

అచ్చియ్యమ్మ చెయ్యి చాచి గాలిలో వెతికింది. ఆ చెయ్యి తన భుజం మీద పడగానే ఆ మనిషి మోకాళ్ల మీద కూలిపోయి, ఆవిడ ఒళ్లో మొహం పెట్టుకున్నాడు. మాటలు అక్కణ్నుంచే వచ్చాయి.

"'నువ్వు పరదేశివి కావురా' అంది. 'నువ్వు...' అని ఇంకేటో సెప్పబోయింది. నాను సెప్పనియ్యలేదమ్మా."